నొప్పికి బహువచనం

డాక్టర్ భార్గవ చచ్చిపోవాలని నేను కోరుకున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాదంతా చెప్పడం తేలిక. ఒళ్ళు మండినప్పుడు ఎవరైనా అనుకునే మాట లాంటిది కాదది. కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, నింపాదిగా కోరుకున్నాను. అలా కోరుకున్న రోజుల్లో ఆయన ప్రాణం నిజంగానే నా చేతిలో ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

నా పేరు వనజ. నేను డాక్టర్ని కాను, ఇంజనీర్ని కాను. తెలుగు చదువుకుని, భాషాశాస్త్రంలో పరిశోధన చేశాను. ఆ చదువుతో ఎవరు ఉద్యోగమిస్తారని చుట్టాలంతా వెక్కిరించారు. భార్గవ ప్రయోగశాల వాళ్ళు పిలిచి మరీ ఇచ్చారు. హన్మకొండ పొలిమేరలో మూడంతస్తుల మేడ, ముందు పచ్చగడ్డి, లోపల ఎప్పుడూ ఏసీ చలి. అక్కడ తయారవుతున్న వస్తువు పేరు నిమ్మళం. ఆ పేరు నేనే పెట్టాను. ఒళ్ళు బాగోలేని మనిషికి హాయి చిక్కితే మా వైపు పానం నిమ్మళమైందంటారు.

చూడటానికి అదొక పట్టీ. మెడ కింద నుంచి నడుము దాకా వెన్ను మీద అతికించుకోవాలి. వేళ్ళలోనో మోకాళ్ళలోనో పుట్టిన నొప్పి, ఒక కబురులాగా వెన్నులోంచి పైకెక్కి మెదడుకు చేరితేనే మనకు తెలుస్తుంది. పట్టీ ఆ కబురును దారిలోనే ఆపేస్తుంది. మందు లేదు, సూది లేదు, రక్తంలోకి పోయేది ఏమీ లేదు. అందుకే దాన్ని ముందుగా కీళ్ళవాతం ఉన్న గర్భిణుల కోసం తయారుచేశారు.

అయితే వెన్నులో ఎక్కే కబుర్లు లెక్కలేనన్ని. చల్లగాలి తగిలిందన్నదీ కబురే, కడుపులో బిడ్డ తన్నిందన్నదీ కబురే. ఏది ఆపాలో పట్టీకి మనిషే నోటితో చెప్పాలి. అతికించుకున్న మొదటి వారం, బాధ పుట్టినప్పుడల్లా దాని పేరు పైకి అనాలి. సలుపు, గుంజుడు, తీపు, పోటు, సుర్రుమనుడు. ఆ క్షణాన వెన్నులో ఎక్కిన కబురునూ, నోట వచ్చిన మాటనూ పట్టీ ముడివేసుకుంటుంది. ఒకరి పట్టీ నేర్చుకున్నది అన్ని పట్టీలకూ అందుతుంది. కాబట్టి ఒక మాటను ఆపమన్నారంటే, ఆ మాటతో ఎవరు ఏ బాధను చెప్పుకున్నా అదంతా ఆగుతుంది. అది మోకాలిదా, మరోచోటిదా అన్న విచారణ పట్టీకి లేదు. దానికి మాట ఒక్కటే తెలుసు.

ఆ మాటలు తెచ్చే పని నాది. పరకాల, నర్సంపేట, ములుగు తిరిగాను. ఆసుపత్రుల్లో కాన్పుల వార్డులోనూ గుండెజబ్బుల వార్డులోనూ కూర్చుని, మూలుగుతున్న మనుషుల నోటి నుంచి మాటలు ఏరుకున్నాను. వాటన్నిటిలో ఒక్క మాటను మాత్రం వేరుగా కట్టిపెట్టాను. నొప్పులు.

మన భాషలో నొప్పి వేరు, నొప్పులు వేరు. నొప్పి అంటే గోలీ ఇస్తారు. నొప్పులు వస్తున్నాయంటే ఆటో పిలుస్తారు. కాన్పుల వార్డులో నేను పట్టుకున్న కబుర్లన్నీ ఆ మాట కిందే ఉన్నాయి. ఆ మాట వినబడినా, ఆ కబుర్లు లేచినా పట్టీ మొత్తం తెరుచుకోవాలి, మనిషికి అంతా తెలియాలి, నర్సుకు ఫోను వెళ్ళాలి. అలా కట్టుదిట్టం చేశాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కీళ్ళవాతం ఉన్న ప్రతి మనిషీ కీళ్ళ నొప్పులు అనే అంటుంది. అనగానే పట్టీ తెరుచుకునేది, ఆగిన బాధంతా ఒక్కసారి మీద పడేది. డబ్బు పెట్టేవాళ్ళు చూడటానికి వచ్చిన రోజున ఒకావిడ వాళ్ళెదుటే ఆ మాట అంది, పట్టీ తెరుచుకుంది, ఆవిడ కేక విని డబ్బు పెట్టేవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆ మధ్యాహ్నమే భార్గవ నన్ను గదిలోకి పిలిచాడు.

ఆయన పుట్టింది గుంటూరులోనే అయినా పెరిగింది, చదివింది అంతా బొంబాయిలో. తెలుగు చక్కగానే మాట్లాడతాడు, ఇస్త్రీ చేసిన తెలుగు.

"నొప్పులు అన్న మాటకు పెట్టిన కట్టుదిట్టం తీసేయండి. నొప్పి, నొప్పులు రెండూ ఒకే మాటగా కలిపేయండి" అన్నాడు.

"అవి రెండూ ఒకటి కావు సార్. కలిపితే కాన్పు నొప్పులను కూడా పట్టీ మింగేస్తుంది."

"ఒకటైతే నొప్పి, నాలుగైతే నొప్పులు. చిన్నపిల్లలకు చెప్పే వ్యాకరణం." నవ్వాడు. "బహువచనానికి భయపడితే ఎలా వనజగారూ?"

నేను కలపనన్నాను. మర్నాటికి వేరే వాళ్ళ చేత కలిపించాడు. ఆపమని మీటింగులో అందరి ముందూ మళ్ళీ చెప్పాను. భోజనాల వేళ అయిందని లేచారు.

ఆ పట్టీ అప్పటికే మా చెల్లె వెన్ను మీద ఉంది.

మా స్వరూపకు ఇరవయ్యో ఏటే కీళ్ళవాతం పట్టుకుంది. పొద్దున లేస్తే వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. పేస్టు మూత తిప్పలేదు, జడ అల్లుకోలేదు. దానికి వచ్చిన విద్య మగ్గం వర్కు. చట్రానికి బిగించిన జాకెట్టు గుడ్డ మీద జరీతో నెమళ్ళను కుట్టేది. ఆ వేళ్ళే దానికి బతుకు, ఆ వేళ్ళకే జబ్బు. వారానికొకసారి వేసుకునే పెద్ద గోలీతో ఎలాగో నెట్టుకొచ్చింది.

పిల్లలు కావాలనుకున్నప్పుడు కీళ్ళ డాక్టరు నస్రీన్ గారు ఆ గోలీని ముందే మాన్పించారు. అది కడుపులో బిడ్డకు చెరుపు చేస్తుంది. బదులుగా కడుపుతో ఉన్నా వేసుకోదగ్గ గోలీ ఇచ్చారు, మరీ వాచినప్పుడు కొద్దిపాటి స్టెరాయిడ్, బాధకు పారాసెటమాల్, పొద్దునపూట గోరువెచ్చని నీళ్ళలో చేతులు. కడుపు పండితే ఈ జబ్బు చాలామందికి దానంతటదే నెమ్మదిస్తుందని కూడా చెప్పారు. స్వరూపకు నెమ్మదించలేదు. మూడో నెలకు మోకాళ్ళు కుండల్లా వాచాయి.

దాని అత్త కొమురమ్మ ఒకటే పోరు. "కడుపుతోనున్నోళ్ళు గోలీలు మింగుతరా? మేం కనలేదా పిల్లల్ని?" అని డబ్బా తీసి బీరువా మీద పెట్టేసేది. మానితే జబ్బు ముదురుతుంది, ముదిరితే బిడ్డకూ మంచిది కాదని నస్రీన్ గారు పిలిచి చెప్పినా ఆమె తల ఊపి, ఇంటికొచ్చి మళ్ళీ అదే పాట. స్వరూప మొగుడు, మా మరిది కుమారస్వామి మంచివాడే. వాళ్ళమ్మ ఎదుట మాత్రం నోట్లో నాలుక ఉండదు. చివరకు అత్త పోరు పడలేక, గోలీలకు తోడుగా ఉంటుందని స్వరూప మా ప్రయోగంలో చేరింది.

పట్టీ పని మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"ఏమైందే?"

"కొబ్బరికాయ కొట్టిన అక్కా. నా శేతులతోని."

నాలుగో నెల, అయిదో నెల, ఆరో నెల. మళ్ళీ మగ్గం ముందు కూర్చుంది. పుట్టబోయే బిడ్డకని పసుపు గుడ్డ మీద చిన్న చిన్న చేపలు కుట్టింది. అబద్ధమెందుకు, ఆ మూడు నెలలూ మా చెల్లెను అంత సుఖంగా నేనెప్పుడూ చూడలేదు. భార్గవను ద్వేషిస్తూ కూడా ఈ మాట నేను దాచలేను. అందుకే, నెలలు నిండేలోగా తీసేయిద్దాంలే అనుకుని, దాని పట్టీని నేను అప్పుడే విప్పించలేదు.

నర్సు రోజూ పొద్దున ఫోన్ చేసి అడిగేది, నొప్పులేమైనా ఉన్నాయా అని. ఏడో నెలలో ఒకరోజు కూడా అలాగే అడిగింది.

"అస్సల్లేవు సిస్టర్. మంచిగ నిమ్మళంగున్న" అంది స్వరూప.

అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. కడుపు రాయిలా గట్టిపడుతోంది, వదులుతోంది. బిడ్డ తిరుగుతోందనుకుంది. రోజంతా మగ్గం ముందు కూర్చుని చేపకు కన్ను కుట్టింది. సాయంత్రం ఉమ్మనీరు పోయేదాకా దానికి ఏమీ తెలియదు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో, ఆటోలో, ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండని ఊపిరితిత్తులు. పొద్దున్నే వచ్చి ఉంటే కాన్పును కొంత ఆపి, ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళమని అక్కడి డాక్టరు చెప్పింది. మర్నాడు ఆ పిల్ల పోయింది.

ఆసుపత్రిలో చేర్చిన హడావుడిలో స్వరూప వెన్ను మీది పట్టీని కత్తెరతో కోసి చెత్తలో పారేశారు. ఆపిన కబుర్ల లెక్క అప్పట్లో పట్టీలోనే ఉండేది, దానితోపాటే సాక్ష్యమూ పోయింది.

విచారణ మా మేడలోనే జరిగింది. స్వరూపను, కుమారస్వామిని, కొమురమ్మను వరుసగా కూర్చోబెట్టారు. పట్టీయే నొప్పులను మింగిందని నేను చెప్పాను. రుజువేదన్నాడు భార్గవ. తర్వాత ఆ పొద్దుటి ఫోన్ మాటలు వినిపించాడు. స్వరూప గొంతే, సంతోషంగా, గదంతా మోగేట్టు. అస్సల్లేవు సిస్టర్.

"తల్లే చెప్పింది కదండీ లేవని" అన్నాడు భార్గవ, ఎంతో బాధపడుతున్నవాడిలా. "కడుపు గట్టిపడటం చూసుకోవాలి కదా. ఇది పట్టీ లోపం కాదు. తల్లి అశ్రద్ధ."

తల్లి అశ్రద్ధ. అదే తీర్పు. కొమురమ్మ ఆ రెండు మాటలూ ఇంటికి పట్టుకుపోయింది. స్వరూప మొగుడి వైపు చూసింది. కుమారస్వామి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ చూపును నేను ఈ జన్మలో క్షమించను. భార్గవను సరే సరి.

నేను ఉద్యోగం మానలేదు. అది మా చెల్లెకు నచ్చలేదు.

"ఇంకా ఆడనే పని చేస్తున్నవా అక్కా?" అంది ఒకసారి.

"చేస్తున్న."

"ఎందుకు?"

"ఆడనే ఉంటే ఎన్నడో ఒకనాడు దొరుకుతడు."

 స్వరూప పెద్ద గోలీ మళ్ళీ మొదలుపెట్టింది, ఇప్పుడు కడుపు లేదు కాబట్టి ఏ గోలీ అయినా వేసుకోవచ్చు. మగ్గం చట్రాన్ని విప్పి మంచం కింద పెట్టేసింది.

భార్గవ దొరికిన తీరు వింటే నవ్వొస్తుంది. ఆయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. తన వస్తువు మీద తనకెంత నమ్మకమో లోకానికి చూపించాలని తనూ ఒక పట్టీ అతికించుకున్నాడు. మొదటి వారం, మెట్టు ఎక్కినప్పుడల్లా "పోటు, పోటు" అన్నాడు. పోటును ఆపమన్నాడు. పట్టీ ఆపింది. ఆయన లిఫ్టు మానేసి, మూడంతస్తులూ కాలినడకన ఎక్కుతూ అందరికీ చెప్పుకునేవాడు.

స్వరూప బిడ్డ పోయిన తర్వాత, ప్రతి పట్టీ ఆపుతున్న కబుర్లు నా తెర మీద కనబడేలా చేయించుకున్నాను, మాటకూ కబురుకూ పొంతన చూసేది నేనే కాబట్టి. ఒకరోజు ఆయన పేరు కింద, పోటు అన్న మాటలో, కొత్త కబుర్లు కొన్ని చూశాను. నడుము దగ్గర ఎక్కాల్సిన మోకాలి కబుర్లు కావవి. చాలా పైన, వీపులో భుజం ఎముకల మధ్య ఎక్కుతున్నాయి. ఆయన మెట్లెక్కినప్పుడు లేస్తున్నాయి, కూర్చోగానే అణుగుతున్నాయి. అలాంటివి నేను ఇదివరకు ఒక్కచోటే చూశాను, గుండెజబ్బుల వార్డులో. అక్కడి మనుషులు ఛాతీ పట్టుకుని ఇదే మాట అనేవారు. గుండెల్ల పోటు.

మోకాలికీ పోటే, గుండెకూ పోటే. ఒక మాటను ఆపితే రెండూ ఆగుతాయి. ఆయన గుండె రోజుకు పదిసార్లు మొత్తుకుంటోంది, ఆయనకు వినబడటం లేదు.

నేను ఎవరికీ చెప్పలేదు. గది తలుపు తెరిచి పెట్టుకుని, ఆయన మెట్లెక్కడం వింటూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఒక్కో మెట్టునూ లెక్కపెట్టేదాన్ని. పైకొచ్చి, "చూశారా వనజగారూ, ఆయాసం తప్ప ఏమీ లేదు" అనేవాడు. "అవును సార్, బాగున్నారు" అనేదాన్ని. రాత్రులు నాకు హాయిగా నిద్ర పట్టేది. ఆ పిల్లకు ఊపిరి అందని ఆ ఒక్క రోజును తలుచుకుంటే చాలు, ఆయనకు చెప్పాలన్న ఆలోచన ఆగిపోయేది.

చెల్లె ఇంటికి వెళ్ళిన ఆదివారమే నా లెక్క తప్పిందని తెలిసింది. స్వరూప వంటింట్లో ఉంది. వరండాలో కొమురమ్మ పక్కింటావిడతో మాట్లాడుతోంది.

"పిల్ల బయటికొచ్చేదాక సోయి లేదు దానికి. సూదీ దారం పట్టుకోని కూసున్నది. పెద్ద పెద్ద డాక్టర్లే రాసిచ్చిన్రు, తల్లిదే తప్పని."

స్వరూప విన్నది. గిన్నె తోముతూనే ఉంది. ఆ మాట రోజూ వింటుందని దాని వీపు చూస్తేనే తెలిసింది.

అప్పుడు నాకు తట్టింది. భార్గవ చస్తే ఏమవుతుంది? హన్మకొండ చౌరస్తాలో పూలదండ వేసిన ఫ్లెక్సీ కడతారు. ఆడవాళ్ళ బాధ తీర్చిన మహానుభావుడంటారు. పట్టీకి ఆయన పేరే పెడతారు. చచ్చినవాడి తీర్పును ఎవరూ తిరగరాయరు, మా చెల్లె చచ్చేదాకా అశ్రద్ధ తల్లిగానే బతుకుతుంది. వాడు బతకాలి. బతికి, తన నోటితోనే చెప్పాలి. దయ అనుకునేరు, దయ కాదు. చావు వాడికి చాలా చవక.

ఆ వారంలోనే పట్టీని జిల్లా ఆసుపత్రులన్నిటికీ ఇచ్చే విషయం తేల్చడానికి పెద్ద సభ పెట్టారు. పై అంతస్తు హాల్లో ప్రభుత్వం నుంచి వచ్చినవాళ్ళు, పదిమంది డాక్టర్లు. వాళ్ళలో నస్రీన్ గారూ ఉన్నారు. భార్గవ అందరినీ లిఫ్టులో పంపించి తను మెట్లెక్కి వచ్చాడు. చెమట తుడుచుకుని, కీళ్ళ నొప్పులకు ఇక మందులే అక్కర్లేని రోజు వస్తుందన్నాడు. గర్భిణులంతా గోలీలు పారేయొచ్చన్నాడు. గోలీలు ఆపేస్తే కీలు లోపల్లోపల అరిగిపోతూనే ఉంటుంది, తెలియకపోవడం ఒక్కటే తేడా అని నస్రీన్ గారు అన్నారు. ఆయన చిరునవ్వుతో దాటేశాడు.

"ఇప్పుడు నా వెన్నులోనే చూడండి. వనజగారూ, తెర మీద వేయండి."

వేశాను. ముందు నడుము దగ్గర మోకాలి కబుర్లు చూపించాను. ఎర్రగా లేస్తున్నాయి, పట్టీ దగ్గర ఆగుతున్నాయి. అందరూ తలలు ఊపారు. తర్వాత బొమ్మను నెమ్మదిగా పైకి జరిపి, భుజం ఎముకల మధ్య ఆపాను. అక్కడ అంతా ఎరుపే.

"ఇది మోకాలు కాదే" అంటూ నస్రీన్ గారు లేచారు.

"కాదు మేడం" అన్నాను. "సార్ గారి గుండె. మెట్లెక్కినప్పటి నుంచి మొత్తుకుంటోంది. మోకాలి పోటును ఆపమన్నారు కదా, పట్టీ దీన్నీ ఆపుతోంది. దానికి రెండూ ఒకటే మాట."

 భార్గవ నవ్వే ప్రయత్నం చేశాడు.

"నాకేం లేదు. ఏ నొప్పీ లేదు. చక్కగా ఉన్నాను."

"స్వరూప కూడా అదే చెప్పింది సార్. ఆమెకు కాన్పు నొప్పులను ఆపారు, మీ గుండెలోని పోటును మీకే తెలియకుండా ఆపుకుంటున్నారు. ఆమెది తల్లి అశ్రద్ధ అన్నారు. మరి ఇది ఎవరి అశ్రద్ధ?"

 నస్రీన్ గారు అప్పటికే భార్గవ మణికట్టు పట్టుకుని అంబులెన్సుకు చెప్పమంటున్నారు. ఆమె నా వైపు తిరిగి, నొప్పి ఎలా ఉందో ఆయన్నే అడగాలి, పట్టీ తెరవమన్నారు. వైద్యానికి తెరవమన్నారు ఆమె. నేను తెరిచింది మాత్రం వైద్యానికి కాదు. ఒక్క మీట నొక్కాను.

ఛాతీ మీద చెయ్యి వేసుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. ఆ మోకాళ్ళ పోటూ అప్పుడే తెలిసింది కాబట్టి మళ్ళీ అరిచాడు. ఆయన ముఖం నిండా పట్టిన ఆ బాధను నేను కళ్ళారా చూశాను. ఇన్ని నెలల్లో నాకు మొదటిసారి పానం నిమ్మళమైంది. ఇలా రాయకూడదేమో. రాశాను.

బతికాడు. రక్తనాళంలో స్టెంటు వేశారు. గుండెలో కొంత భాగం దెబ్బతింది, ఇంకొంచెం ముందే తెలిసి ఉంటే అది కూడా మిగిలేదట. సభ అక్కడితో ఆగిపోయింది, పట్టీలన్నీ వెనక్కి తెప్పించారు. పరకాల నుంచి ఒక గర్భిణి నాకు ఫోన్ చేసింది. "మేడం, నా పట్టీ ఎందుకు గుంజుకున్నరు? మల్ల మంచం మీది నుంచి లేస్తలేను" అని ఏడ్చింది. నస్రీన్ గారి దగ్గరికి పంపించాను. గోలీలున్నాయి, వేడినీళ్ళున్నాయి, కొంత తగ్గుతుంది. అంతా తగ్గదు. 

ఆసుపత్రిలో భార్గవను చూడటానికి వెళ్ళాను. పళ్ళు గిళ్ళు ఏమీ పట్టుకెళ్ళలేదు.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"సభకు ముందు నుంచే."

 పోలీసులకు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. చెబితే తన పట్టీ ఏం చేసిందో తనే చెప్పాల్సి వస్తుంది.

"తీర్పు మారుస్తాను. కాగితం పంపిస్తాను" అన్నాడు.

"కాగితం వద్దు. వాళ్ళింట్లో కాగితాలు చదివేవాళ్ళు లేరు. మీరే రావాలి. వచ్చి నోటితో చెప్పాలి."

"మెట్లున్నాయా?"

"మూడో అంతస్తు. లిఫ్టు లేదు. గుండె కుదురుకుని డాక్టరు ఎక్కొచ్చు అన్నాకే రండి, తొందరేం లేదు. మోకాళ్ళకు ఇక పట్టీ ఉండదు. అది మీరే చూసుకోండి."

స్వరూపకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముంచుకుని వింటోంది.

"అంటే నీకు ముందుగాలనే ఎరుకనా?"

"ఎరుకే."

"మరి ఎందుకు తెరిచినవక్కా?" కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నేనైతే తెర్వకపోయేదాన్ని."

"సచ్చినోడు వచ్చి చెప్పడు గదనే."

వేళ్ళను నీళ్ళలో ముడిచి, విప్పి చూసుకుంది. "అవును" అంది. "చెప్పాలె."

ఎండలు ముదిరాక వచ్చాడు. కింద కారు ఆగిన చప్పుడు విని కుమారస్వామి కిందికి వెళ్ళబోతే స్వరూప వద్దంది. తలుపు తెరిచి పెట్టి, మేము నలుగురం లోపల కూర్చున్నాం. చేతికర్ర మెట్టుకు తగిలే చప్పుడు, తర్వాత కాలు, తర్వాత మూలుగు. ప్రతి మలుపులోనూ చాలాసేపు ఆగుతున్నాడు. 

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సగం మనిషయ్యాడు. కుమారస్వామి కుర్చీ జరపబోయాడు.

"ఉండనియ్" అంది స్వరూప.

భార్గవ ద్వారబంధం పట్టుకుని కొమురమ్మ వైపు చూశాడు. "మీ కోడలి తప్పేం లేదమ్మా. ఆమెకు నొప్పులు వచ్చాయి. నా పట్టీ వాటిని ఆమెకు తెలియనివ్వలేదు. అలా అవుతుందని వనజగారు ముందే చెప్పారు, నేను వినలేదు. అశ్రద్ధ నాది." చెప్పి కుర్చీ వైపు చూశాడు.

కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మకు ఇనవడలేదు" అంది స్వరూప. "ఇంకోసారి చెప్పుండ్రి."

కొమురమ్మకు మూడిళ్ళ అవతల మాట్లాడుకునేది కూడా వినబడుతుంది. ఆ సంగతి గదిలో భార్గవకు తప్ప అందరికీ తెలుసు. ఆయన చేతికర్రను రెండో చేతిలోకి మార్చుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. 

స్వరూప లేచి వెళ్ళి కుమారస్వామి పక్కన నిలబడింది.

"ఇప్పుడు ఈయనకు చెప్పుండ్రి" అంది.

కుమారస్వామి తల ఎత్తలేదు. భార్గవ గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకుని, మూడోసారి మొదలుపెట్టాడు.